మేడ మీద వాళ్ళ చెత్తబుట్ట

మా టులెట్ బోర్డు మీద 'శాకాహారులకు మాత్రమే' అని రాయించింది నేనే. ఆ ఆలోచన తట్టినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మేం శాకాహారులమా అంటే కాదు. ఆదివారం వచ్చిందంటే మా పొయ్యి మీద చేపో మాంసమో ఉడకాల్సిందే. ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే ఇంట్లో పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని, ముక్క లేకపోతే నాకే ముద్ద దిగదు. కానీ గుణదలలో మేడ మీద వాటా అద్దెకివ్వాలంటే వచ్చినవాళ్ళ కులం తెలియాలి. మొహం మీద అడిగే రోజులు పోయాయి. చదువుకున్నవాళ్ళు, అడిగితే మనల్నే ఎగాదిగా చూస్తారు. అదే ఆ రెండు ముక్కలూ బోర్డు మీద ఉంటే అడగనక్కర్లేదు. వద్దనుకున్నవాళ్ళలో సగం మంది గేటు దగ్గరే చదువుకుని వెనక్కి తిరుగుతారు. మిగిలిన సగాన్ని పేరును బట్టి, మాట తీరును బట్టి నేను పట్టేసేదాన్ని.

నాకు అనుమానం జాస్తి. అది దాచుకునే సంగతేం కాదు. పాలవాడు నవ్వితే నీళ్ళెక్కువ కలిపాడనీ, నవ్వకపోతే నిన్నటి పాలు తెచ్చాడనీ అనుకునే మనిషిని. మా ఆయన రామకోటేశ్వరరావుకు పురుగుమందుల కొట్టు ఉంది. పొద్దున వెళ్తే రాత్రికి గాని రారు. అందుకని అద్దెకున్నవాళ్ళ వ్యవహారమంతా పాతికేళ్ళుగా నా చేతి మీదే నడుస్తోంది. 'రామతులసి గారి కళ్ళు గప్పి చీమ కూడా మేడెక్కలేదు' అని వీధిలో అంటారు. పొగడ్త అనే అనుకునేదాన్ని.

ఆ సంవత్సరం మాఘమాసంలో జానకిరామ్ వచ్చాడు. పాలిటెక్నిక్ కాలేజీలో లెక్చరరు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. పేరు చూశాను, బాగానే ఉంది. ఊరేదంటే బందరు పక్కనన్నాడు. ఇంట్లో తను, భార్య సుధామణి, తల్లి రత్తమ్మ, ముగ్గురే.

"బోర్డు చూశారుగా. మాంసం అదీ..." అన్నాను.

"మేం తినమండి. చేపైతే అసలు ముట్టం" అన్నాడు.

చేప మాట విడిగా ఎందుకు చెప్పాడో అప్పుడు పట్టించుకోలేదు. పప్పుచారు మనుషులే అని నిశ్చయించేసుకుని, ఏ కులమై ఉంటారో కూడా నాలో నేనే ఖాయం చేసేసుకున్నాను. మా ఆయన పిన్నిగారి అబ్బాయి పూర్ణచంద్రరావు లాయరు. అగ్రిమెంటు అతనే రాసిపెట్టాడు. అందులో ఆరో షరతు, ఇంట్లో మాంసాహారం వండరాదని. జానకిరామ్ చదివి మరీ సంతకం పెట్టాడు.

రెండు నెలలు మాట తేడా లేకుండా గడిచిపోయింది. ఉగాదికి పచ్చడి పంపించాను. వాళ్ళు పులిహోర పంపించారు. సుధామణికి అప్పటికి ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవకుండా పోయిందట. ఈసారి మంచం దిగొద్దనీ, మెట్లెక్కి దిగడం అసలే కూడదనీ డాక్టరమ్మ చెప్పింది. తల్లి లేని పిల్ల కావడంతో పుట్టింటికి వెళ్ళే దారి కూడా లేదు. అత్తగారే అన్నీ చేసేది.

ఏప్రిల్ నెలాఖరున, మిట్టమధ్యాహ్నం, గేటు దగ్గరెవరో పిలిచారు. అరవై దాటిన మనిషి. నల్లగా, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. భుజాన గోతాం. ఎవరి గేటు ముందైనా అపరిచితుడు గోతాంతో నిలబడితే నేనేమనుకుంటానో వేరే చెప్పాలా?

"ఏం కావాలి?"

"మా జానకిరామ్ ఉండేది ఇక్కడేనామ్మా? నేను వాళ్ళ బాబాయిని, కాశీరావు. గిలకలదిండి నించొస్తన్నా. గవర్నమెంటోళ్ళు సముద్రంలో వేట ఆపేశారుగా, రెండు నెల్లు బోట్లన్నీ కట్టేసే ఉంటాయి. ఖాళీగా ఉన్నాం, పిల్లని చూసెళ్దావని."

గోతాం దింపి మూతి విప్పాడు. ముంజకాయలు. పైనున్న నాలుగు తీసి నా చేతిలో పెట్టి, "తినండమ్మా, లేతవి" అంటూ మేడెక్కాడు.

నేను అక్కడే నిలబడిపోయాను. బోట్లు, వేట, గిలకలదిండి. చేపలు పట్టేవాళ్ళకు మేడ మీద వాటా ఇచ్చి, ఉగాది పచ్చడి నా చేత్తో నేనే పంపించాను. సాయంత్రం దాకా ఆగలేక మా ఆయనకు ఫోన్ చేశాను.

"ముందే చెప్పలేదంటే మోసమేగా?" అన్నారాయన.

"మోసం కాక మరేంటి?" అన్నాను నేను.

మర్నాటి నుంచి మా ఇంట్లో చేపల వాసన మొదలైంది. ఆ మనిషి తెచ్చింది తాటిముంజలు. నా ముక్కుకు తగిలింది మాత్రం ఎండుచేపలు. మెట్ల దగ్గర, పంపు దగ్గర, ఆరేసిన చీరల దగ్గర కూడా. అగరొత్తులు వెలిగించాను. ఫినాయిల్ పోసి మెట్లు కడిగించాను. "నీకు తప్ప ఎవరికీ రావట్లేదే" అన్నారు మా ఆయన మొదటి రోజు. మూడో రోజుకు ఆయనకూ వచ్చింది.

*

ఖాళీ చెయ్యమని చెప్పడానికి ఆయన్నే పంపించాను. మా అబ్బాయి సాత్విక్ హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నాడు, మే నెలాఖరుకల్లా వాటా కావాలి అని చెప్పించాను. ఇళ్ళు అద్దెకిచ్చే వాళ్ళందరూ చెప్పే అబద్ధమే, మేం కొత్తగా కనిపెట్టిందేం కాదు. మా వాడికి ఉద్యోగం మానే ఆలోచనే లేదు.

జానకిరామ్ ఆ సాయంత్రం కిందికి వచ్చాడు. వరండాలో నిలబడే మాట్లాడాడు. కూర్చోమని నేను అనలేదు.

"ఆంటీ, మే నెలాఖరుకి ఆవిడకి ఎనిమిదో నెల నడుస్తూ ఉంటుందండి. కదిలించొద్దన్నారు డాక్టరు గారు. కాన్పయిందాకా ఆగండి. బాబు గారికి అంత అర్జెంటైతే మేమున్న వాటాలో ఒక గదైనా ఇస్తాం."

"మా ఇబ్బందులు మాకుంటయ్యి కదయ్యా."

"మా బాబాయ్ వచ్చిపోయిన దగ్గర్నించీ మీరు మాట్లాట్టం మానేశారు. కారణం అదేనా అండీ?"

"మీరు మాంసం తినమన్నారు. వాసనొస్తోంది."

అతను నావంక తేరిపార చూశాడు. "మేం మత్స్యకారులమని దాచలేదండి. మీరు అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణి" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగితే గొడవ అంత దూరం పోయేది కాదేమో. కానీ మా ఆయనకు తొందరెక్కువ. వాటా ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుందో ఏమోనని, నాలుగో రోజునే పాత టులెట్ బోర్డు తుడిచి గేటుకు తగిలించారు. కొడుకు వస్తున్నాడని చెప్పిన ఇంటికి టులెట్ బోర్డు! పొద్దున కాలేజీకి వెళ్తూ జానకిరామ్ బండి ఆపి దానికి ఫోటో తీసుకోవడం నేను కిటికీలోంచి చూశాను. చూసి కూడా, తీస్తే తీసుకోనీలే అనుకున్నాను.

సోమవారం నాడు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అతను ఆ ఫోటో, అగ్రిమెంటు కాపీ జతచేసి అర్జీ పెట్టాడు. కులం తెలిశాక ఖాళీ చెయ్యమంటున్నారు, నిండు గర్భిణి ఉన్న ఇల్లు, విచారించి న్యాయం చెయ్యండి అని. వారం తిరక్కుండా వార్డు సచివాలయం నుంచి ఫోనొచ్చింది. విచారణకు ఇంటికి వస్తామన్నారు.

మా ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు. పూర్ణ వచ్చి కుర్చీలో జారగిలబడ్డాడు.

"కంగారేం లేదన్నయ్యా. వాళ్ళు బీసీలు. ఆ ఎస్సీ, ఎస్టీ చట్టం వాళ్ళకి పట్టదు. కేసు నిలబడదు. అయితే పేపర్లో పడిందనుకో, నీ పేరు నిలబడిపోద్ది. కొట్టుకొచ్చే రైతుల్లో సగం మంది బందరు వైపోళ్ళేగా."

"మరేం చెయ్యమంటావురా?"

"ఆరో షరతుందిగా. వాళ్ళు చేపలొండినట్టు ఒక్క రుజువు దొరికితే చాలు. కులం మాటే రాదు. షరతు తప్పారు, పొమ్మన్నాం. అంతే. రుజువు సంగతి వదిన చూసుకుంటే..."

ఇద్దరూ నావంక చూశారు. నేను చూసుకుంటానన్నాను. ఇంత కన్నున్నదాన్ని, నాకదో పనా అనిపించింది.

*

మా వీధిలో చెత్తబండి తోసేది అమలమ్మ. పొద్దున ఏడింటికి ఈల వేసుకుంటూ వస్తుంది. తడి చెత్త ఒక డబ్బాలో, పొడి చెత్త ఇంకో డబ్బాలో. మేడ మీద వాళ్ళ బుట్ట, మా బుట్ట గేటు లోపల పక్కపక్కనే ఉంటాయి. ఆమెకు నేనంటే భయం. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు రెండు రోజులు రాలేదని కార్పొరేషన్ మేస్త్రికి ఫోన్ చేసి చెప్పింది నేనే మరి.

"అమలమ్మా, మేడ మీద వాళ్ళ బుట్టలో చేపముళ్ళేమన్నా కనపడుతున్నయ్యా?"

"లేదమ్మా. తోటకూర కాడలు, అరటితొక్కలు. మందుబిళ్ళల అట్టలు."

"సరిగ్గా చూడు. కాగితంలో చుట్టి పడేస్తారు. కనపడితే తీసి నాకియ్యి."

"చెత్త మళ్ళీ ఇంట్లోకి తెమ్మంటారామ్మా?"

"తెమ్మంటున్నాగా."

పది రోజులు చూశాను. రోజూ అదే తోటకూర, అవే తొక్కలు. ఎంత జాగ్రత్తపరులో, ఏ కాలవలో పారేసి వస్తున్నారో అనుకున్నాను గాని, అసలు వండటం లేదేమో అన్న అనుమానం మాత్రం నాకు రాలేదు. అన్ని అనుమానాలున్నదాన్ని, ఆ ఒక్కటీ రాలేదు. బుధవారం విచారణ అనగా ఆదివారం పొద్దున అమలమ్మను ఆపాను.

"నిన్న మీ మేస్త్రి కనపడ్డాడు. అమలమ్మ పనెలా చేస్తోందని అడిగాడు" అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అందులో బెదిరింపు ఉందని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

సోమవారం ఆమె ఈల వెయ్యకుండా వచ్చి, నల్ల కవరొకటి నా చేతికిచ్చింది.

"మేడ మీద బుట్టలోదేనా?"

ఆమె బండి చక్రం వంక చూసింది. "మీకు కావల్సింది తెచ్చానమ్మా. ఇంక నా జోలికి రాబాకండి" అని బండి తోసుకుంటూ పోయింది.

వరండాలో పాత పేపరు పరిచి కవరు బోర్లించాను. చేపముళ్ళు, సగం తలకాయ. ముక్కు మూసుకుని పుల్లతో కదిపాను. వాటి మధ్యలో మామిడిటెంక పలుకులున్నాయి. పచ్చిమామిడికాయ టెంక తియ్యకుండా, ఆవకాయకు కొట్టినట్టు నాలుగు బద్దలు చేసి పులుసులో వేయడం మా అత్తగారి పద్ధతి. నాకు ఆవిడే నేర్పింది. విజయవాడలో ఇంకే ఇంట్లోనూ అలా వెయ్యగా నేను చూడలేదు.

అది ఆదివారం నేను వండిన బొచ్చె పులుసు.

"దొరికినయ్యా!" అంటూ మా ఆయన వెనక నుంచి వచ్చారు. నాకు నోరు పెగిలే లోపే ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీశారు. పూర్ణకు పంపించారు. పూర్ణ వెంటనే ఫోన్ చేసి, "శభాష్ వదినా! మీరుండబట్టిగానీ!" అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. మా ఆయన ఆ కవరును ఇంకో కవరులో చుట్టి, పాడవకుండా ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టారు. తను తిని పారేసిన ముళ్ళను తనే ఆనవాలు పట్టలేకపోయారు. వంట చేసేవాళ్ళకు తెలిసేది తినేవాళ్ళకెక్కడ తెలుస్తుంది?

ఆ రెండు రోజులూ పాలకోసం ఫ్రిజ్ తీసినప్పుడల్లా పైఅర వంక చూడకుండా తలుపేసేదాన్ని. చెబుదామని అనుకునేదాన్ని. చెబితే మా ఆయన పరువేం కాను, పూర్ణ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను అని ఊరుకునేదాన్ని. మంగళవారం సాయంత్రం జానకిరామ్ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో అంటున్నాడు.

"ఇల్లు దొరకలా బాబాయ్. చూసినవాళ్ళందరూ ఒకటే మాట. కడుపుతో ఉన్న మనిషి, పురుడు మా ఇంట్లో పడితే మైల అంటన్నారు. నెలాఖరుకి వెళ్ళమంటే ఎక్కడికి తీసుకెళ్ళేది? బిడ్డకేమన్నా అయితే ఈసారి సుధామణి బతకదు."

నేను వంటింట్లో లైటు ఆర్పేసి, చీకట్లో నిలబడి ఆ మాటలన్నీ విన్నాను. నేను నోరు విప్పకపోతే వారం రోజుల్లో ఆ పిల్లను మంచంతో సహా దింపుతారు. అంత స్పష్టంగా తెలిసి కూడా ఆ రాత్రి నేను ఎవరికీ చెప్పలేదు.

*

బుధవారం పదింటికి సచివాలయం నుంచి యేసుకుమార్ అనే కుర్రాడు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మా హాల్లో కూర్చుని ఫైలు తెరిచాడు.

"బోర్డు తీసేశారా అండీ?"

"ఎప్పుడో తీసేశామండి. అసలు అది పొరపాట్న..." అంటూ మా ఆయన, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని వాటికి కూడా జవాబులు మొదలుపెట్టారు.

"ఆ బోర్డు నాకు తెల్సండి" అన్నాడు యేసుకుమార్ పెన్ను మూత తీస్తూ. "రెండేళ్ళ కింద, పెళ్ళయిన కొత్తలో, ఇల్లు వెతుక్కుంటా ఇటొచ్చాం నేనూ మా ఆవిడా. గేటు దాకా వచ్చి, చదువుకుని వెళ్ళిపోయాం. సరే, చెప్పండి."

అతని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఆ గేటు దగ్గర్నుంచి ఎవరు వెనక్కి తిరిగారో నాకెప్పుడూ మొహాలతో తెలియదు. ఇప్పుడు ఒక మొహం నా సోఫాలో కూర్చుని కాగితం మీద తేదీ వేస్తోంది.

జానకిరామ్, రత్తమ్మ కిందికి వచ్చారు. రత్తమ్మ మా హాల్లోకి రావడం అదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ వారన నేల మీద కూర్చోబోయింది. యేసుకుమార్ లేచి తన చోటు చూపించి, తను ప్లాస్టిక్ కుర్చీలోకి మారాడు. ఆ పని చెయ్యాల్సింది నేను.

పూర్ణ గొంతు సవరించుకున్నాడు. కులం ప్రసక్తే లేదన్నాడు. ఆరో షరతు చదివాడు. ఫోటోలు చూపించాడు. మా ఆయన ఫ్రిజ్‌లోంచి కవరు తెచ్చి, పళ్ళెంలో పెట్టి, బల్ల మీద విప్పారు.

"సోమవారం పొద్దున వాళ్ళ చెత్తబుట్టలో దొరికినయ్యి" అన్నాడు పూర్ణ.

"అబద్ధమండి!" అని లేచాడు జానకిరామ్. "మా ఇంట్లోకి చేప వచ్చి పదేళ్ళయింది."

"చేపలోళ్ళింట్లోకి చేప రాదంటే నమ్మేదెవరు బాబూ?"

రత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె మాట్లాడింది యేసుకుమార్ వంక చూసే గాని, నాకు మాత్రం నాతోనే చెబుతున్నట్టు అనిపించింది.

"తుఫానూ కాదు, గాలీ కాదయ్యా. మామూలు రోజే. బోటు మీద నలుగురెళ్ళారు, ముగ్గురొచ్చారు. మా ఆయన శవం కూడా ఒడ్డుకి రాలా. నెల్లాళ్ళు ఇసకలో కూర్చుని చూశా. ఆ నీళ్ళల్లో ఏవి ఏం తిన్నయ్యో నాకేం తెలుసు? అప్పట్నించి చేప నోట పెట్టలా నేను. నేను పెట్టలేదని వీడూ మానేశాడు. వచ్చిన పిల్ల కూడా మానేసింది."

పూర్ణ కాగితాలు సర్దుకున్నాడు.

రత్తమ్మ పళ్ళెం దగ్గరకు లాక్కుంది. మాకందరికీ అసహ్యంగా ఉన్నదాన్ని ఆమె రెండు వేళ్ళతో మామూలుగా తిప్పి చూసింది. పుట్టి పెరిగిన పని కదా.

"బొచ్చె ఇది. చెరువు చేప. మా సముద్రానిది కాదు. ఐనా వేటాపిన రోజుల్లో సముద్రం చేపెక్కడిదిలే. రెండు కేజీలు ఉండుద్ది. తలకాయ నిలువునా చీల్చారు, బజారు కత్తిపీట మీద చీల్చినట్టు. మేవైతే అట్టా చీల్చం. పులుసు పెట్టారు. చింతపండు కాదు, మామిడికాయ. టెంకతో..."

అక్కడ ఆగిపోయింది. టెంక పలుకు ఇంకా ఆమె వేళ్ళ మధ్యనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం నా వంటింటి కిటికీలోంచి పులుసు వాసన నేరుగా మేడ మీదికే వెళ్ళి ఉంటుంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. చూసి, పలుకును పళ్ళెంలో పెట్టేసి కవరు మడిచింది.

"ఎవరిదైతే ఏంలేయ్యా. మాది కాదు. రాసుకో" అంది.

తెలిసిపోయింది. నా పరువు ఆమె నోటిలో ఉంది. ఆమె దాన్ని కవరులో మడిచి నాకే వదిలేసింది. నేను ఆ ముసలమ్మ బుట్టను పది రోజులు వెతికించినదాన్ని. నాకు దుఃఖం వచ్చింది. సిగ్గు అంతకంటే ముందొచ్చింది.

"అది నేను వండిందేనండి" అన్నాను.

మా ఆయన నావంక తిరిగారు. "ఏంటి?"

"ఆదివారం మనం తిన్న పులుసే. మన బుట్టలోది. వాళ్ళ బుట్టలో ఏనాడూ ఒక్క ముల్లు కూడా దొరకలేదు. నాకు సోమవారమే తెలుసు."

"వదినా, మీరు కాస్త..." అని పూర్ణ ఏదో అనబోయాడు.

"నువ్వుండు పూర్ణా. సాత్విక్ రావట్లేదండి. అదీ అబద్ధమే."

యేసుకుమార్ రాయడం ఆపాడు. ఆశ్చర్యపోలేదు. "మరి ఖాళీ చెయ్యమన్న తేదీ సంగతేంటి సార్?" అని మా ఆయన్ని అడిగాడు. జవాబు నేనే చెప్పాను.

"కాన్పయి, బిడ్డ కాస్త పెద్దదయి, వాళ్ళకెప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు."

"రాసుకోనా అండీ?"

"రాసుకోండి. సంతకం కూడా పెడతాను."

జానకిరామ్ కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. నాకు థాంక్స్ చెప్పలేదు. తల్లిని చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళాడు. పైన గడియ పడిన చప్పుడు కింద దాకా వినపడింది.

*

మా ఆయన పదిహేను రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "పదిమందిలో నన్ను నిలబెట్టేశావు" అన్నది ఒక్కటే మాట. తప్పెవరిదో ఇద్దరికీ తెలుసు గనక నేనూ వాదించలేదు. పూర్ణ మా ఇంటికి రావడం తగ్గించాడు.

జూన్ వచ్చింది. వాన పడలేదు, ఉక్క తగ్గలేదు. సుధామణికి తొమ్మిదో నెల ప్రవేశించింది. మేడ మీద వాళ్ళు ఉండటమైతే ఉంటున్నారు గాని, ఇంట్లో మనుషులున్న అలికిడి లేదు. మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగేవారు. చెత్త ఎప్పుడు తెచ్చి పెట్టేవారో కూడా తెలిసేది కాదు. పోపు వాసన కూడా కిందికి రాకుండా కిటికీలు మూసి వండుకునేవారు, అంత ఉక్కలో. నేను చెవులు రిక్కించి వినేదాన్ని. పాత అలవాటు. ఇప్పుడు వినేది ఆ పిల్ల క్షేమంగా ఉందా లేదా అని.

తల్లి లేని పిల్లకు తొమ్మిదో నెలలో చలిమిడి ఎవరు పెడతారు? కడుపు చలవ కోసం పుట్టింటివాళ్ళు పెట్టాల్సింది. నాకెందుకో ఆ ఆలోచన వదల్లేదు. రాత్రే బియ్యం నానబోసి, పొద్దున దంపించి, తడిపిండి జల్లించి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి కలిపాను. మా సాయిశ్రీ కడుపుతో ఉన్నప్పుడు కూతురన్న ప్రేమతో ఎంత శ్రద్ధగా చేశానో అంత శ్రద్ధగా చేశాను. ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ సర్ది, పన్నెండింటి లోపు మేడెక్కాను. వాళ్ళు వచ్చాక ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

తలుపు కొట్టాను. లోపల మాటలు ఆగిపోయాయి. కాసేపటికి గొలుసు తియ్యకుండానే తలుపు జానెడు తెరుచుకుంది. రత్తమ్మ.

"ఏమ్మా, ఏం కావాలి?"

గేటు దగ్గర నిలబడిన కాశీరావును నేనడిగిన మాట అది. నేను ఎలా అడిగానో అలాగే అడిగింది.

"చలిమిడి చేశానండి, అమ్మాయికి. తల్లి లేదుగా..."

ఆమె పళ్ళెం వంక చూసింది. నా మొహం వంక చూసింది. లోపల మంచం మీద సుధామణి మోచేతి మీద కొంచెం లేచి ఇటే చూస్తోంది. నిండు పొట్ట, పాలిపోయిన మొహం. ఒక చెయ్యి పొట్ట మీద అడ్డం పెట్టుకుని ఉంది. రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల.

రత్తమ్మ గొలుసు తీసింది. తలుపు తెరిచింది గాని గుమ్మానికి అడ్డం నిలబడే ఉంది.

"తప్పుగా అనుకోకండమ్మా" అంది. గొంతులో కటువు లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. "ముందు మీరో ముద్ద తినండి."

ఒక్క క్షణం అర్థం కాలేదు. పురుగుమందుల కొట్టున్న ఇంటి నుంచి వచ్చిన పళ్ళెం అది. అర్థమయ్యాక, నాకు కోపం రావాలి. రాలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే పళ్ళెం వంక కూడా చూడకుండా తలుపేసేదాన్ని.

పళ్ళెం ఎడమచేతిలోకి మార్చుకుని చలిమిడి ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. రత్తమ్మ నా నోటి వంకే చూస్తూ నిలబడింది. నేను పూర్తిగా మింగేదాకా చూసి, అప్పుడు చెయ్యి చాపి పళ్ళెం అందుకుంది.